బావిలో మునిగి పనిచేసేవాళ్లకు: లోతు నీటి ఒత్తిడిలో గుండె, ఊపిరి ఏమవుతాయి, ఏ వరుసలో దిగాలి

మోటారు పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వుకు చెత్త పట్టిందనో, పైపు బోల్టు ఊడిందనో, బిందె జారిపడిందనో కందుకూరు, పొదిలి, కనిగిరి, ఉదయగిరి వైపు ఇప్పటికీ బావిలో మునిగేవాళ్లున్నారు. అందరూ ఈత వచ్చినవాళ్లే. కానీ ఈదడం వేరు, దమ్ము పట్టి లోతులో స్పానర్ తిప్పడం వేరు.

చాలామంది అడిగే ప్రశ్న: "ఇంకాస్త ఎక్కువసేపు దమ్ము పట్టాలంటే ఏం చెయ్యాలి?" దీనికి ఊళ్లలో దొరికే సలహాల్లో సగం ప్రాణం తీసేవే. పైకి వచ్చేయమని ఒళ్లు ఎప్పుడు చెబుతుందో, ఆ మాట వినపడకుండా మనమే ఎలా చేసుకుంటామో ముందు తెలుసుకోవాలి.

1. అసలు మునగాల్సిన పనేనా?

బిందె, చేద, గొలుసు లాంటివి పడితే పాతాళగరిగెతో, అంటే ఇనప కొక్కేల గుత్తితో, తీయొచ్చు. ఫుట్‌వాల్వు పైపు మూడు నాలుగు తునకలదైతే చైన్‌పుల్లీ పెట్టి పైపు మొత్తం పైకి లాగడమే మేలు. అర పూట పని, నలుగురు మనుషులు కావాలి, ఖర్చూ ఉంటుంది. అయినా అదే చవక.

ఈ మార్గదర్శి 5 మీటర్ల లోపు, అంటే సుమారు 16 అడుగుల నీటికే. మూడు నిలువులు, అంటే ముగ్గురు మనుషుల ఎత్తు, దాటిన నీటిలో పనిచేయడానికి శిక్షణ పొందిన డైవర్ కావాలి. చీమకుర్తి చుట్టుపక్కల వదిలేసిన గ్రానైట్ గుంతల్లో దిగే ఆలోచనే వద్దు. గోడలు నిట్టనిలువుగా ఉంటాయి, పట్టుకుని ఎక్కడానికి దరి ఉండదు, పైన నీళ్లు వెచ్చగా ఉన్నా రెండు నిలువుల కింద ఉన్నట్టుండి చల్లబడతాయి. తీరం పక్క ఇసుకలో తవ్విన దొరువులు, అంటే నీటి గుంతలు, లోతు తక్కువే, కానీ అక్కడ గట్టు జారి మీద పడుతుంది. అది వేరే ప్రమాదం.

2. లోతుకు పోయేకొద్దీ ఒంట్లో జరిగేది

గట్టు మీద మన మీద ఉన్న గాలి ఒత్తిడిని 1 అనుకోండి. నీటిలో ప్రతి 10 మీటర్లకు, అంటే సుమారు 33 అడుగులకు, ఇంకో 1 కలుస్తుంది. 5 మీటర్ల దగ్గర ఒకటిన్నర, 10 మీటర్ల దగ్గర 2, 20 మీటర్ల దగ్గర 3.

నీరు, ఎముక, కండ ఆ ఒత్తిడికి నలగవు. నలిగేది గాలే. ఊపిరితిత్తుల్లో 6 లీటర్ల గాలి నింపుకుని దిగితే 5 మీటర్ల దగ్గర అది 4 లీటర్లు, 10 మీటర్ల దగ్గర 3 లీటర్లు అవుతుంది. చెవి లోపల, ముక్కు పక్క ఎముకల్లో ఉన్న గాలిదీ ఇదే లెక్క. మొదటి నిలువులోనే చెవి నొప్పి మొదలయ్యేది ఇందుకే.

ఇక గుండె. మెడదాకా నీళ్లలో నిలబడగానే నీటి ఒత్తిడి కాళ్లలో, పొట్టలో ఉన్న నెత్తురును ఛాతీలోకి నెడుతుంది. సుమారు అర లీటరు పైనే అలా చేరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని మూత్రపిండాలు దాన్ని బయటికి పంపే పనిలో పడతాయి. బావిలో దిగిన కాసేపటికే మూత్రం రావడానికి కారణం ఇదే, చలి ఒక్కటే కాదు. గంటసేపు నీళ్లలో ఉన్నవాడికి ఒంట్లో నీరు తగ్గిపోతుంది కూడా.

ముఖం ముంచి దమ్ము పట్టగానే ఇంకో మార్పు. ముఖం మీది నరాలకు చల్లదనం తగిలితే గుండె నెమ్మదిస్తుంది. అలవాటు లేనివాళ్లలో నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండె 60 దరిదాపులకు దిగడం మామూలే. చేతులు కాళ్లకు పోయే నెత్తురు తగ్గి, గుండెకు, మెదడుకు మిగులుతుంది. ఆక్సిజన్ పొదుపు చేసుకోవడానికి ఒళ్లు పడే పాటు ఇది. ఈ పొదుపుతో పాటు రక్తపోటు పెరుగుతుందని మాత్రం మరిచిపోకూడదు.

రోహిణి కార్తె ఎండలో చెమటలు కక్కుతూ ఉన్నవాడు గట్టు మీంచి ఒక్కసారిగా దూకితే ఈ వరుస తారుమారవుతుంది. ఛాతీకి చల్లనీళ్లు తగలగానే ఆపుకోలేని ఎగశ్వాస వస్తుంది, గుండె దడదడలాడుతుంది. అదే క్షణంలో ముఖం మునిగితే గుండె నెమ్మదించాలి. ఒకే గుండెకు రెండు ఎదురెదురు ఆజ్ఞలు వెళ్తాయి. గుండె లయ తప్పేది ఇక్కడే. ఎగశ్వాస నీళ్లలోపల వస్తే పీల్చేది గాలి కాదు, నీళ్లు.

3. ఎవరు దిగకూడదు

- బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు, గుండె వేగం తగ్గించే మాత్రలు వాడేవాళ్లు
- మూర్ఛ, ఉబ్బసం ఉన్నవాళ్లు
- చెవి కారుతున్నవాళ్లు, కర్ణభేరికి చిల్లు పడినవాళ్లు
- జలుబు చేసినవాళ్లు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఆ రోజు చెవులు తెరుచుకోవు
- మందు తాగినవాళ్లు, రాత్రి తాగి పొద్దున "దిగిపోయిందిలే" అనేవాళ్లు కూడా
- కడుపునిండా తిని రెండు గంటలు గడవనివాళ్లు

4. గట్టు మీద చేయాల్సినవి

*కరెంటు.* స్టార్టర్ ఆపితే చాలదు. చాలా మోటార్లకు ఆటో స్టార్టర్ ఉంటుంది, త్రీఫేజ్ రాగానే మోటారు తనంతట తానే లేస్తుంది. ఫోనుతో నడిచే స్టార్టరైతే ఇంట్లో ఎవరో నొక్కేస్తారు. అందుకని మూడు ఫ్యూజులూ ఊడబీకండి. బోర్డు మీద పెట్టకుండా, నీళ్లలో దిగే మనిషి చూస్తుండగా గట్టు మీది మనిషి జేబులో వేసుకోవాలి. ఫుట్‌వాల్వు దగ్గర చెయ్యి ఉన్నప్పుడు మోటారు లేస్తే ఆ పీల్పుకు చెయ్యి అతుక్కుపోతుంది. విడిపించుకునేంత దమ్ము ఉండదు.

*గాలి.* నెలల తరబడి వాడని బావి, ఆకులు కుళ్లిన బావి, పైన మూత వేసిన బావి అయితే నీటి పైనున్న గాలే విషం కావచ్చు. బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, మామూలు గాలికన్నా బరువు, అడుగున నిలిచిపోతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే వెంటనే వెనక్కి రావాలి. ఆ వాయువు మోతాదు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు కాబట్టి "ఇప్పుడు వాసన పోయింది" అన్నది ధైర్యం చెప్పే మాట కాదు. లాంతరు దించి చూడడం పాత పద్ధతి. ఆరిపోతే దిగకూడదన్నది నిజమే, ఆరకపోతే దిగొచ్చన్నది నిజం కాదు. కొన్ని విషవాయువులకు దీపం ఆరదు, కొన్నిటికి అంటుకుంటుంది. గ్యాస్ మీటరు లేకుండా ఇలాంటి బావిలో దిగొద్దు.

బావి లోపలి దరి మీద డీజిల్ ఇంజిన్ పెట్టి నీళ్లు తోడడం ఇంకో ఘోరం. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. ఇంజిన్ ఆపాక కూడా గంటల తరబడి బావిలోనే ఉంటుంది.

*మనుషులు.* కనీసం ముగ్గురు. దిగేవాడు ఒకడు, నీళ్లలో దరి పట్టుకుని వాడినే చూస్తూ ఉండే ఈతగాడు ఒకడు, గట్టు మీద తాడు పట్టుకునేవాడు ఒకడు. రెండో మనిషి ఫోను చూసుకునేవాడైతే ఉన్నా లేనట్టే.

*సామాను.*

- 10 కిలోల రాయి కట్టిన మోకు, అడుగుదాకా. 3 మీటర్ల దగ్గర ఒకటి, 5 మీటర్ల దగ్గర ఒకటి ఎర్రగుడ్డ కట్టండి
- దిగేవాడి ఛాతీకి, చంకల కింద, బిగుసుకోని ముడితో వేరే తాడు. ఒక లాగు "బాగున్నా", రెండు "తాడు వదులు", మూడు లేదా ఆగకుండా లాగితే "పైకి లాగు"
- స్పానర్‌కు సన్నతాడు కట్టి మణికట్టుకు
- నిక్కరు మాత్రమే. లుంగీ వద్దు. మొలతాడు, మెడలో తాయెత్తు తీసేయండి, పైపు బోల్టులకు తగులుకుంటాయి

5. ఊపిరిని సిద్ధం చేసుకోవడం

ముందు ముఖం, మెడ, ఛాతీ మీద నీళ్లు చల్లుకుని మెల్లగా దిగండి. మెడదాకా నీళ్లలో దరి పట్టుకుని రెండు మూడు నిమిషాలు ఉండండి. నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. రోజూ ఉండే లెక్కకన్నా 10 దాటి ఎక్కువుంటే ఇంకాసేపు ఆగండి. భయంతో కొట్టుకునే గుండె ఆక్సిజన్‌ను దుబారా చేస్తుంది.

తర్వాత మామూలుగా, పొట్టతో ఊపిరి తీసి వదలండి. ఆఖరున ఒక్కసారి నిండుగా పీల్చండి. పగిలిపోయేట్టు కాదు, ఇంకాస్త పట్టేంత ఖాళీ ఉంచి.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వద్దాం. మునిగే ముందు కొలిమితిత్తిలా పది ఇరవై సార్లు గబగబా ఊదితే దమ్ము ఎక్కువ నిలుస్తుందని చాలామంది నమ్మకం. నిలుస్తుంది కూడా. చిక్కు అక్కడే ఉంది.

మామూలుగా ఉన్నప్పుడే మన నెత్తురులో ఆక్సిజన్ 97, 98 శాతం నిండి ఉంటుంది. ఎంత ఊదినా అందులో కొత్తగా చేరేది దాదాపు ఏమీ లేదు. తగ్గేది బొగ్గుపులుసు వాయువు. "ఊపిరి తీసుకో" అని మెదడుకు గంట కొట్టేది ఆక్సిజన్ తగ్గడం కాదు, ఈ వాయువు పెరగడం. గబగబా ఊదినవాడు దమ్ము పెంచుకోలేదు, గంట నాలుక కోసేశాడు. ఆక్సిజన్ అయిపోతున్నా హాయిగా ఉంటుంది. ఇంకో బోల్టు తిప్పేద్దామనిపిస్తుంది. ఆ హాయిలోనే సొమ్మసిల్లుతాడు.

మునిగే ముందు పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కినా, తల తేలికగా అనిపించినా మీరు ఎక్కువ ఊదేశారని గుర్తు. మునగొద్దు, మూడు నిమిషాలు మామూలుగా ఊపిరి తీసుకోండి.

6. దిగడం: మూరకోసారి చెవులు

తలకిందులుగా కాక, మోకు పట్టుకుని కాళ్లు కిందికి పెట్టి దిగండి. చెవులు తేలిగ్గా తెరుచుకుంటాయి, దారీ తప్పదు.

1. తల మునగగానే, నొప్పి రాకముందే, ముక్కు మూసి మెల్లగా ముక్కులోకి ఊదండి. చెవిలో టప్పుమంటుంది.
2. ప్రతి మూరకూ అలాగే.
3. తెరుచుకోకపోతే ఒక మూర పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి. గట్టిగా ఊదొద్దు.
4. రెండోసారీ కాకపోతే ఆ రోజుకు మునక మానేయండి.

నొప్పి ఓర్చుకుని దిగేవాడికి ఒకటిన్నర, రెండు నిలువుల మధ్యే కర్ణభేరి చిరగొచ్చు. చిరిగితే నొప్పి హఠాత్తుగా పోయి, చల్లనీళ్లు లోపలికి వెళ్లి బావి గిర్రున తిరిగినట్టుంటుంది. ఏది పైనో ఏది కిందో తెలియదు. చేతిలో మోకు ఉండాలనేది ఇందుకే. దాన్ని కావలించుకుని మూడుసార్లు లాగండి.

7. అడుగున పని

కూర్చుని ఒకటిన్నర నిమిషం దమ్ము పట్టగలవాడు స్పానర్ తిప్పుతూ అందులో సగం కూడా పట్టలేడు. కండ పనిచేస్తే ఆక్సిజన్ ఖర్చవుతుంది. కనుక మునిగిన క్షణం నుంచి పైకి తేలేదాకా మొత్తం 30 సెకన్లు లెక్క పెట్టుకోండి. గట్టు మీది మనిషి వినపడేట్టు లెక్కపెట్టాలి. 20 అనగానే తాడు ఒకసారి లాగాలి, 30కి జవాబు రాకపోతే పైకి లాగేయాలి.

పనిని ముక్కలు చేయండి. ఒక మునకకు ఒక పని: మొదటిసారి చూసి రావడం, రెండోసారి జల్లెడకు పట్టిన నాచు, ప్లాస్టిక్ పీకడం, మూడోసారి ఒక బోల్టు. తుప్పు పట్టి తిరగని బోల్టు దగ్గర పంతం పట్టొద్దు. బురద లేచి చెయ్యి కనపడకపోతే వచ్చేసి పావుగంట ఆగండి.

పొట్ట మొదటిసారి అదిరిందా, గొంతు మింగినట్టయిందా, లెక్క 12 అయినా సరే, పైకి.

8. పైకి రావడం, ఊపిరి తిప్పుకోవడం

సొమ్మసిల్లడం ఎక్కువగా అడుగున జరగదు. పైకి వస్తూ ఆఖరి నిలువులోనో, తేలిన తర్వాత అర నిమిషంలోనో జరుగుతుంది. 10 మీటర్ల లోతులో ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ 4 శాతానికి పడిపోయిందనుకోండి. అక్కడ ఒత్తిడి రెట్టింపు కాబట్టి అది గట్టు మీద 8 శాతం ఉన్నట్టు నెట్టుకొస్తుంది. పైకి వచ్చేసరికి ఆ ఆసరా పోయి 4 శాతం 4 శాతమే. స్పృహ నిలవదు. 5 మీటర్ల నుంచి వచ్చినా ఇదే లెక్క, తీవ్రత తక్కువ అంతే.

- మోకు పట్టుకుని నింపాదిగా రండి. కాళ్లు కొట్టుకుంటే ఉన్న కాస్త ఆక్సిజనూ పోతుంది
- దారిలో గాలి వదలొద్దు
- తేలాక కూడా మొత్తం ఊపిరి వదిలేయొద్దు. కొంచెం వదిలి, గబుక్కున నిండుగా పీల్చి, ఒక్క క్షణం ఆపి, వదలండి. ఇలా మూడు నాలుగు సార్లు. మామూలుగా ఎవరైనా తేలగానే "హుఫ్" అని మొత్తం వదిలేస్తారు, ఆ అలవాటు మాన్పించాలి
- దరి పట్టుకోండి. అర నిమిషందాకా రెండో మనిషి కళ్లు మీ ముఖం మీంచి పక్కకు పోకూడదు
- మునకకూ మునకకూ మధ్య కనీసం మూడు నిమిషాలు. పది మునకలయ్యాక ఆ పూటకు చాలు. వణుకు మొదలైతే అంతకుముందే

9. చేయకూడని తెలివితేటలు

*బొప్పాయి కాడ, పైపు ముక్క నోట్లో పెట్టుకుని పీల్చడం.* మీటరు లోతులో నీరు చదరపు సెంటీమీటరుకు 100 గ్రాముల చొప్పున ఛాతీని నొక్కుతుంది. ఛాతీ ముందుభాగం వెయ్యి చదరపు సెంటీమీటర్లనుకుంటే 100 కిలోలు! గుండెల మీద 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగు పెట్టుకుని, పైనున్న మామూలు గాలిని పీల్చాలన్నమాట. పక్కటెముకలు లేవవు. పైగా వదిలిన చెడుగాలే పైపులోంచి మళ్లీ లోపలికి వస్తుంది.

*పంక్చర్ షాపు కంప్రెసర్ గొట్టం.* టైర్లకు గాలి కొట్టే యంత్రంలోంచి నూనె ఆవిరి, ఇంజినుదైతే పొగ కూడా వస్తాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి. అడుగున పీల్చిన గాలి ఒత్తిడి ఎక్కువున్న గాలి, పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతుంది. అలాంటి గాలి పీల్చి దమ్ము బిగబట్టి పైకి వస్తే నిలువెడు లోతు నుంచైనా ఊపిరితిత్తులు చిరగొచ్చు. పైన పీల్చి మునిగినవాడు దారిలో గాలి వదలకూడదు, కింద పీల్చినవాడు వదులుతూనే రావాలి. ఈ రెండూ కలగాపులగం చేసుకుంటారు కాబట్టే శిక్షణ లేనివాళ్లు గొట్టం జోలికి పోకూడదు.

*చెవిలో దూది, ప్లగ్గులు.* దూదికీ కర్ణభేరికీ మధ్య గాలి చిక్కుకుని ముక్కు మూసి ఊదినా పని జరగదు.

*ఈత కళ్లద్దాలు.* ముక్కు బయట ఉండే రకంలో లోపలి గాలిని సరిచేసే దారి లేదు. రెండు నిలువులకే కళ్లను పీలుస్తాయి, తెల్లగుడ్డు ఎర్రబడుతుంది. ముక్కు కూడా లోపల ఉండే మాస్కు వాడి, దిగుతూ ముక్కుతో కాస్త గాలి అందులోకి వదలాలి.

10. మనిషి సొమ్మసిల్లితే

నీటిలోంచి తేలిన మనిషి పెదాలు నీలంగా ఉన్నా, తల ఊగుతున్నా, అడిగినదానికి చూపు నిలపకపోయినా వెంటనే గడ్డం పైకెత్తి ముఖం నీటి పైన ఉంచండి. మాస్కు తీసి, కళ్ల కింద గట్టిగా ఊది, చెంప తట్టి, పేరు పెట్టి "ఊపిరి తీస్కో" అని అరవండి. చాలామంది కొన్ని సెకన్లలోనే ఊపిరి అందుకుంటారు. అందుకోకపోతే ముక్కు మూసి నోట్లోకి రెండుసార్లు ఊది, తాడుతో గట్టుకు చేర్చండి.

గట్టు మీద:

1. ఒకరు 108కి ఫోను. బావి దగ్గరికి దారి చెప్పేందుకు ఒకరు రోడ్డు మీదికి.
2. ఊపిరి ఆడకపోతే ముందు ఐదుసార్లు నోట్లోకి ఊదండి. మునిగినవాడికి ముందు కావాల్సింది గాలి.
3. స్పందన లేకపోతే ఛాతీ మధ్య ఎముక మీద 5 సెంటీమీటర్లు దిగేట్టు 30 నొక్కులు, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో. తర్వాత రెండు ఊపిర్లు. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు.

పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టుకుని తలకిందులు చేయడం, గిరగిరా తిప్పడం చేయొద్దు. కడుపులోని నీళ్లు, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆ తిప్పే రెండు నిమిషాలూ మెదడుకు గాలి అందదు.

బావిలోకి నిచ్చెన దిగుతుండగానే మనిషి కూలిపోతే అది దమ్ము చాలకపోవడం కాదు, విషవాయువు. వాడి వెనకే తమ్ముడు, తమ్ముడి వెనకే అన్నకొడుకు దిగి వరసగా పోతారు. ఎవరినీ దిగనివ్వొద్దు. ఛాతీకి తాడు ఉంటే లాగండి, లేకపోతే అగ్నిమాపక కేంద్రం 101.

11. పని అయ్యాక

తేరుకుని లేచి కూర్చుని "నాకేం కాలేదు, ఇంటికి పోదాం" అన్నా ఆస్పత్రికి తీసుకెళ్లండి. కాసిని నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే ఆయాసం కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. సొమ్మసిల్లకపోయినా, ఆగని దగ్గు, గులాబిరంగు నురగ, ఛాతీ పట్టేయడం, చెవిలోంచి నెత్తురు కనిపిస్తే ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి. చెవి నొప్పి ఉంటే నూనె, చుక్కలమందు సొంతంగా పోయొద్దు, చిల్లు ఉంటే అవి లోపలికి పోతాయి.

నీళ్లు, మజ్జిగ తాగండి. స్పానర్లు, మనుషులు లెక్క సరిపోయాక, దిగిన మనిషి తల తుడుచుకుని బోర్డు పక్కన నిలబడ్డాక, అప్పుడు జేబులోంచి ఫ్యూజులు తీయాలి.